గాయపు కట్టుకు ఏ పోగు, ఏ మందు? తయారుచేసేవారికి ఎంపిక సలహా

బ్యాక్టీరియాను చంపే డ్రెస్సింగ్ తయారుచేద్దామని పూనుకున్నవారిని ఏం చేస్తున్నారని అడిగితే ముందుగా వచ్చేది మందు పేరు. వెండి నానోకణాలంటారు, జింక్ ఆక్సైడ్ అంటారు, పసుపులోని కర్కుమిన్ అంటారు. పోగు ఏమిటని అడిగితే మాత్రం "పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, నీటిలో కరిగే పాలిమర్) అందుబాటులో ఉంది, అందులో కలిపాం" అని తేలిగ్గా చెప్పేస్తారు. తర్వాత పెట్రి పళ్లెంలో ముక్క పెడతారు, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని తేట వలయం పడుతుంది, ఫొటో తీస్తారు. ఎంపిక అయిపోయినట్టే.

ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ముందు తేలాల్సింది గాయం ఎంత రసి కారుస్తుందన్నది. దాన్నిబట్టి పోగు. పోగు కుదిరాక, మందు అందులోంచి బయటికి రావాలా, పోగునే అంటిపెట్టుకొని ఉండాలా అన్నది. మందు పేరు అన్నిటికన్నా చివర. కింద రాసిందంతా ఆ వరుసలోనే ఉంటుంది. వస్త్ర సాంకేతికత, బయోమెడికల్, ఫార్మసీ విద్యార్థులనూ, కొత్త ఉత్పత్తి తలపెట్టిన చిన్న బృందాలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గాయంతో బాధపడుతున్నవారు ఇది చదివి డ్రెస్సింగ్ మార్చుకోవద్దు. అది వైద్యులు చూసి చెప్పాల్సిన విషయం.

ముందు గాయం సంగతి

1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మంపై చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశారు, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పారు. కప్పిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. పుండు ఎండితేనే మానుతుందన్న పాత నమ్మకం అక్కడ సడలింది. అప్పటినుంచి డ్రెస్సింగ్‌కు మొదటి పని తేమను అదుపులో ఉంచడం. తేమ చాలకపోతే గుడ్డ గాయానికి అతుక్కుపోయి, తీసేటప్పుడు కొత్తగా పుట్టిన కండను కూడా ఊడబెరుకుతుంది. ఎక్కువైతే చుట్టూ ఉన్న మంచి చర్మం నాని, తెల్లబడి, పుండు అంచులు పెరుగుతాయి. ఈ రెండిట్లో ఏది జరిగినా, లోపల ఎన్ని బ్యాక్టీరియా చచ్చినా ఆ డ్రెస్సింగ్ వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.

రసిని ఉప్పునీళ్లలా చూడటం రెండో పొరపాటు. అందులో ప్రోటీన్లు దండిగా ఉంటాయి, క్లోరైడ్ ఉంటుంది, తెల్లరక్తకణాలు విడిచిన ఎంజైములు ఉంటాయి. ఆరోగ్యమైన చర్మం పైభాగం కాస్త ఆమ్లంగా ఉంటే, నెలల తరబడి మానని పుండ్లలో పీహెచ్ 7 దాటి 8, 9 దాకా కూడా పోతుంది. ప్రోటీన్, క్లోరైడ్, పీహెచ్: ప్రయోగశాలలో అదరగొట్టిన పదార్థాలు గాయం దగ్గర చతికిలబడేది చాలావరకు ఈ మూడింటివల్లే. ముందుముందు ఒక్కొక్కటీ ఎదురవుతాయి.

ఇంతకీ ఆ గాయానికి మందు అవసరమా? ఇది ఇబ్బందిపెట్టే ప్రశ్నే. కాళ్ల సిరల పుండ్లున్న 213 మందిపై బ్రిటన్‌లో జరిగిన వల్కన్ పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. వెండి ఉన్న డ్రెస్సింగులకూ లేనివాటికీ మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మధుమేహుల పాదాల పుండ్లపై పనిచేసే అంతర్జాతీయ బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ కూడా, పుండు త్వరగా మానాలన్న ఉద్దేశంతో మాత్రమే బ్యాక్టీరియానాశక డ్రెస్సింగులు వాడవద్దనే చెబుతోంది. అంటే ఇలాంటి పోగుకు న్యాయంగా చెప్పుకోగల పనులు రెండే: ఇన్ఫెక్షన్ సోకిన గాయంలో కొద్దికాలం పాటు బ్యాక్టీరియా భారాన్ని తగ్గించడం, లేదా సోకే ప్రమాదం ఉన్నచోట బయటి బ్యాక్టీరియా లోపలికి రాకుండా అడ్డుకోవడం. మొదటిదానికి మందు గాయంలోకి వెళ్లాలి. రెండోదానికి డ్రెస్సింగ్‌లోనే ఉంటే చాలు. మీరు చేసేది ఏదో మొదటిరోజే కాగితం మీద రాసుకుంటే సగం తర్జనభర్జన తప్పుతుంది.

పోగుల్లో తేడాలు

దూది, విస్కోస్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చవక, గట్టివి, ఎన్ని రకాలుగానైనా నేయవచ్చు, స్టెరిలైజ్ చేయడం అందరికీ తెలిసిన పని. లోపం కూడా అందరికీ తెలిసిందే: అతుక్కుంటాయి, నూగు రాలుస్తాయి, పీల్చుకున్న రసిని ఒత్తిడి పడగానే తిరిగి వదిలేస్తాయి. గాయాన్ని నేరుగా తాకే పొరగా కాక, పైపొరగా, లేదా పీహెచ్‌ఎంబీ (పాలీహెక్సామిథిలీన్ బైగ్వనైడ్ అనే బ్యాక్టీరియానాశకం) లాంటి మందును మోసే వాహకంగా వీటికి ఇప్పటికీ చోటుంది. ఒక చిన్న మాట: మామూలు సెల్యులోజ్‌లో లోహ అయాన్లను పట్టుకునే కార్బాక్సిల్ సమూహాలు చాలా తక్కువ. దూదిపై వెండిని నిలబెట్టాలంటే ముందు టెంపో అనే ఉత్ప్రేరకంతో చేసే ఆక్సీకరణలాంటి పద్ధతితో వాటిని పుట్టించాలి. ఆ పని చేయకుండా నానోకణాలను అద్దితే మొదటి తడికే సగం రాలిపోయే ప్రమాదముంది.

ఆల్జినేట్ దగ్గర కాస్త ఆగాలి. గోధుమరంగు సముద్రపు నాచునుంచి తీసిన సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని సన్నని రంధ్రాల గుండా కాల్షియం క్లోరైడ్ తొట్టిలోకి వదిలితే అక్కడికక్కడే పోగుగా గడ్డకడుతుంది. సేంద్రియ ద్రావకాల అవసరం లేదు, అధిక ఉష్ణోగ్రత లేదు. ఈ పోగు గాయంపై చేసే పని చూడాలంటే చిటికెడు తీసి సెలైన్‌లో వేయండి. తెల్లటి దూదిలా ఉన్నది కాసేపటికి అంచులనుంచి అద్దంలా పారదర్శకంగా మారుతుంది. పట్టకారుతో ఎత్తితే జారుడుగా, జెల్లీలా వేలాడుతుంది. సెలైన్‌లోని సోడియం లోపలికి వెళ్లి కాల్షియంను బయటికి నెట్టడంవల్ల జరిగేది ఇది. అదే చిటికెడు పోగును డిస్టిల్డ్ నీటిలో వేస్తే సోడియం లేదు కాబట్టి పెద్దగా జెల్ కాదు. ఆల్జినేట్ పీల్చే సామర్థ్యాన్ని డిస్టిల్డ్ నీటిలో కొలిచి పోల్చడం అందుకే అర్థంలేని పని. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13726 ఇందుకోసమే లీటరుకు 142 మిల్లీమోల్ సోడియం, 2.5 మిల్లీమోల్ కాల్షియం ఉన్న ద్రావణాన్ని నిర్దేశించింది. నమూనా బరువుకు 40 రెట్లు ద్రావణం పోసి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, 30 సెకన్లు వేలాడదీసి తూయాలి. మంచి ఆల్జినేట్ డ్రెస్సింగ్ తన బరువుకు 15 నుంచి 20 రెట్లు పీలుస్తుంది.

ఆల్జినేట్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న దాని గొలుసులో ఉండే రెండు చక్కెర ఆమ్లాల, అంటే గులురోనిక్, మాన్యురోనిక్ ఆమ్లాల నిష్పత్తి. గులురోనిక్ ఎక్కువైతే కాల్షియంను గట్టిగా పట్టుకుని, తడిసినా ఆకారం నిలుపుకునే పోగు వస్తుంది. గాయంలోంచి ఒక్క ముక్కగా తీయవచ్చు. మాన్యురోనిక్ ఎక్కువైతే త్వరగా ఉబ్బి మెత్తబడుతుంది. సెలైన్‌తో కడిగి తీసేయాలి. లోతైన గుంటలో నింపడానికి మొదటిది మేలు. ఈ వివరం ఇవ్వలేని సరఫరాదారు దగ్గర పరిశోధనకు కొనకండి. తర్వాతి విడత వేరేలా ప్రవర్తిస్తే కారణం తెలుసుకునే దారే ఉండదు. రసి ఎక్కువగా కారే గాయాలకు, కొద్దిగా రక్తం చెమర్చే గాయాలకు ఆల్జినేట్ చక్కటి ఎంపిక. ఎండు గాయానికి మాత్రం పనికిరాదు, ఉన్న తేమను కూడా లాగేస్తుంది. ఇది తనంతట తాను బ్యాక్టీరియాను చంపదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

దీనికి దగ్గరి పోటీ కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, అంటే సీఎంసీ పోగు. ఇది కూడా తడికి జెల్ అవుతుంది. రసిని నిలువుగా పైకి లాగి తనలోనే బంధిస్తుంది, పక్కలకు పాకనివ్వదు. పుండు చుట్టూ చర్మం ఇప్పటికే నానిపోతున్నచోట ఈ ఒక్క గుణంకోసమే సీఎంసీని ఎంచుకోవచ్చు. దీన్ని తయారైన సెల్యులోజ్ పోగునుంచే మొదలుపెట్టి రసాయనికంగా మార్చవచ్చు కాబట్టి, వడికే యంత్రం లేని ప్రయోగశాలకూ అందుబాటులో ఉంటుంది. అయితే మార్పిడి స్థాయి శ్రుతి మించితే పోగు జెల్ కావడం మానేసి కరిగిపోతుంది. కార్బాక్సిల్ సమూహాలు పుష్కలంగా ఉండటంవల్ల వెండి అయాన్లు సులువుగా నిలుస్తాయి. మార్కెట్లో పేరున్న సీఎంసీ డ్రెస్సింగ్‌లో వెండి 1.2 శాతం.

కైటోసాన్‌పై నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. రొయ్యల పెంకులు, పీత డిప్పలనుంచి వచ్చే కైటిన్‌లో ఎసిటైల్ సమూహాలను తొలగిస్తే కైటోసాన్. దాని అమైన్ సమూహాలపై ధనావేశం వచ్చినప్పుడు బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తుంది, ఎర్రకణాలను దగ్గరకు లాగి రక్తస్రావాన్ని ఆపుతుంది. రక్తం ఆపడంలో దాని ప్రతిభ నిజం. యుద్ధరంగంలో వాడే కట్టుల్లో అందుకే చోటు దక్కింది. "సహజ బ్యాక్టీరియానాశకం" అన్న పేరు దగ్గరే పేచీ. ఆ ధనావేశం పీహెచ్ దాదాపు 6.5 కన్నా తగ్గినప్పుడే బలంగా ఉంటుంది. మానని పుండులో పీహెచ్ 7 పైన. అంటే అవసరమైనచోటే ఆయుధం మొద్దుబారుతుంది. పైగా కైటోసాన్‌ను పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తారు. సరిగ్గా కడిగి తటస్థీకరించని పోగుతో పరీక్ష చేస్తే బ్యాక్టీరియాను చంపింది కైటోసానా, వెనిగర్‌లో ఉండే ఆ ఆమ్లమేనా అన్నది తేలదు. ఎసిటిక్ ఆమ్లం మాత్రమే ఉన్న నియంత్రణ నమూనా లేని ఫలితాన్ని నేనైతే పక్కన పెడతాను. తటస్థ పీహెచ్ దగ్గర కూడా పనిచేయాలంటే ఎన్-ట్రైమిథైల్ కైటోసాన్‌లాంటి క్వాటర్నరీ రూపాలకు వెళ్లాలి. వాటిలో ధనావేశం శాశ్వతం, కానీ కణాలపై విషప్రభావం కూడా దాంతోపాటే పెరగవచ్చు. పోగుగా కైటోసాన్ పెళుసుగా ఉంటుంది; ఆల్జినేట్‌తోనో సెల్యులోజ్‌తోనో జతచేసి వాడటం తెలివైన పని.

ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో వచ్చే నానోపోగుల సంగతికొస్తే, సాధారణంగా 10 నుంచి 30 కిలోవోల్టుల విద్యుత్తుతో ద్రావణాన్ని లాగి, కొన్ని వందల నానోమీటర్ల మందంగల పోగులను పరుస్తారు. ఉపరితల వైశాల్యం విపరీతం, కణాలు అల్లుకోవడానికి అనువైన నిర్మాణం, రంధ్రాలు తగినంత చిన్నవైతే ఒక మైక్రాన్ దరిదాపుల్లో ఉండే బ్యాక్టీరియా దాటలేదు. పరిశోధనపత్రాల్లో సగర్వంగా కనిపించే సూక్ష్మదర్శిని చిత్రాలన్నీ దీనివే. ఇబ్బందులు ఆ చిత్రాల్లో కనబడవు. పలచని చాప కాబట్టి మొత్తంగా పీల్చే రసి తక్కువ. డైమిథైల్‌ఫార్మమైడ్, క్లోరోఫామ్ లాంటి ద్రావకాలు వాడితే అవశేషాలు మిగులుతాయి. మందులకు వర్తించే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3సీలో డైమిథైల్‌ఫార్మమైడ్ పరిమితి 880 పీపీఎం, క్లోరోఫామ్‌కు 60 మాత్రమే. పీవీఏ తీసుకుంటే ద్రావకం నీరే, కానీ గాయంలో పెట్టగానే అది కరిగిపోతుంది. కరగకుండా గ్లూటరాల్డిహైడ్‌తో బంధిస్తే ఆ రసాయనమే కణాలకు విషం. సిట్రిక్ ఆమ్లంతో గానీ వేడితో గానీ బంధించే దారి మేలు. పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్) గట్టిదే, నీటికి మాత్రం ముఖం చాటేస్తుంది. జెలటిన్‌తో కలిపి వడకడం వాడుకలో ఉంది. సింథటిక్ జాలిమీద లేదా నేయకుండా పోగులను కలిపి చేసిన నాన్‌వోవెన్ మీద పలచని నానోపొర వేసి, మందు విడుదలను ఆ పొరకు, రసి పీల్చే పనిని కింది గుడ్డకు అప్పగించే ఆలోచనే నాకు నచ్చింది. నానోచాప ఒక్కదానితోనే డ్రెస్సింగ్ అంతా చేయాలనుకోవడం మొండితనం.

మందు బయటికి రావాలా, పోగులోనే ఉండాలా

మందును పోగుపై అద్ది ఆరబెట్టడం అన్నిటికన్నా సులువు. వచ్చే చిక్కు కూడా తెలిసిందే: తొలి గంటల్లోనే చాలావరకు బయటపడి, తర్వాత సన్నని ధారగా మిగులుతుంది. ఆ సన్నని ధారే ప్రమాదకరం. బ్యాక్టీరియాను చంపడానికి చాలని మోతాదు రోజుల తరబడి తగులుతుంటే నిరోధకతను పెంచి పోషించినట్టవుతుంది. వడికే ద్రావణంలోనే కలిపితే విడుదల నెమ్మదిస్తుంది, కానీ పోగు లోతుల్లో చిక్కుకున్న మందు ఎప్పటికీ బయటికి రాకపోవచ్చు. లోపల మందు, బయట తొడుగు ఉండే కోర్-షెల్ పోగు ఈ రెండింటికీ మధ్యేమార్గం. రెండు ద్రావణాల ప్రవాహాలు, స్నిగ్ధతలు కుదిరితేనే వస్తుంది, కాబట్టి మొదటి ప్రాజెక్టుకు సిఫారసు చేయను. అయాన్ మార్పిడి పద్ధతి ఆల్జినేట్‌కు, సీఎంసీకి సహజంగా అమరుతుంది: రసి తగిలినకొద్దీ వెండి బయటికి వస్తుంది, రసి లేకపోతే పోగులోనే ఉంటుంది. అవసరాన్నిబట్టి విడుదల కావడమన్నది అదనపు రసాయనశాస్త్రం లేకుండానే దొరికినట్టు.

రెండోదారిలో మందును పోగుకు సమయోజనీయ బంధంతో కట్టేస్తారు. క్వాటర్నరీ అమ్మోనియం సైలేన్లు ఇందుకు వాడుకలో ఉన్నాయి. గాయంలోకి ఏమీ కారదు, నిరోధకత భయం తక్కువ, విషప్రభావం తక్కువ. అయితే తాకిన బ్యాక్టీరియానే చంపగలదు. రసిలోని ప్రోటీన్లు, చచ్చిన కణాలు ఉపరితలాన్ని కప్పేస్తే ఆ తాకిడి కూడా ఉండదు. అడ్డుగోడగా పనిచేసే డ్రెస్సింగ్‌కు ఇది సరిపోతుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్న పుండుకు దీన్ని నమ్ముకోవద్దు. చంపడమే మానేసి, నీటిని వికర్షించే డీఏసీసీ (డైఆల్కైల్‌కార్బమాయిల్ క్లోరైడ్) పూత మీద బ్యాక్టీరియా అతుక్కునేలా చేసి, కట్టు మార్చినప్పుడు వాటిని కూడా తీసిపారేసే పద్ధతి ఒకటుంది. దాని సాదాతనం నాకు బాగా నచ్చుతుంది. షరతు ఒక్కటే: నూనె ఆధారిత లేపనాలు కలిపి వాడితే పూత పనిచేయదు.

ఇప్పుడు మందు

వెండికి ఉన్న పలుకుబడి అంతా ఇంతా కాదు. 1965లో 0.5 శాతం సిల్వర్ నైట్రేట్, 1968లో సిల్వర్ సల్ఫాడయజీన్ కాలిన గాయాల చికిత్సలో నిలదొక్కుకున్నాయి. వెండి అయాన్ బ్యాక్టీరియా ప్రోటీన్లలోని గంధకపు సమూహాలను పట్టుకుంటుంది, శ్వాసక్రియను దెబ్బతీస్తుంది. ఒకేసారి అనేకచోట్ల దాడి చేస్తుంది కాబట్టి నిరోధకత నెమ్మదిగా వస్తుంది. రాదని కాదు. కాలినగాయాల వార్డులో వేరుచేసిన సాల్మొనెల్లా వెండిని తట్టుకుంటోందని 1975లో వెల్లడైంది, అందుకు కారణమైన జన్యువులు ఆ తర్వాత బయటపడ్డాయి.

సిల్వర్ నైట్రేట్ ద్రావణపు చుక్కను సెలైన్‌లో వేసి చూడండి. తేటగా ఉన్న ద్రవం క్షణంలో పాలలా తెల్లబడుతుంది. అది సిల్వర్ క్లోరైడ్, దాదాపు కరగదు. మీ డ్రెస్సింగ్ విడుదల చేసే వెండిలో చాలా భాగానికి రసిలో పట్టే గతి ఇదే, మిగతాదాంట్లో కొంత ప్రోటీన్లకు అంటుకుంటుంది. నీటిలో కొలిచిన విడుదల వక్రరేఖ చూపి గాయంలో ఇంత వెండి ఉంటుందని లెక్కకట్టడం అందుకే కుదరదు. నానోస్ఫటిక వెండి డ్రెస్సింగులను సెలైన్‌తో కాక శుద్ధజలంతో తడపమని చెప్పేది కూడా ఇందుకే. అయినా వెండి పనిచేస్తుంది, ఎందుకంటే పోగులో ఉన్న నిల్వ కొత్త అయాన్లను విడుస్తూ ఉంటుంది. కాబట్టి మొత్తం వెండి శాతం గురించి గొప్పలు చెప్పుకోవడంకన్నా, ప్రోటీన్ ఉన్న ద్రవంలో 24, 72 గంటల దగ్గర ఎంత చురుగ్గా ఉందో చూపడం మేలు. చర్మకణాలకు కూడా వెండి మంచిది కాదు. రెండు వారాలు వాడి, ఫలితాన్ని చూసి కొనసాగించాలా ఆపాలా అని నిర్ణయించమని 2012 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం సూచించింది. మీ డ్రెస్సింగ్ నెలల తరబడి వెండి విడుదల చేస్తుందన్నది గొప్ప కాదు.

పీహెచ్‌ఎంబీని నేను చాలా సందర్భాల్లో వెండికన్నా ముందు పరిశీలిస్తాను. ధనావేశంగల పాలిమర్, కణాలపై విషప్రభావం పోల్చిచూస్తే తక్కువ, సెల్యులోజ్‌పై చక్కగా నిలుస్తుంది, 0.2 శాతం ఉన్న గాజ్ గుడ్డ చాలాకాలంగా వాడుకలో ఉంది. రుణావేశంగల ఆల్జినేట్‌తో, సీఎంసీతో మాత్రం దీనికి పొసగదు. రెండూ గట్టిగా కరుచుకుని మందు బయటికి రాకుండా చేస్తాయి. కాగితంపై అద్భుతంగా కనిపించే ఆల్జినేట్-పీహెచ్‌ఎంబీ జోడీ ప్రయోగశాలలో విసిగించేది ఇందువల్లే. ఐరోపాలో దీన్ని క్యాన్సర్ కారకమని అనుమానించే రెండో వర్గంలో చేర్చారు, ఆ సంగతి కూడా నమోదు పత్రాల్లో ఎదుర్కోవాల్సి ఉంటుంది.

అయొడిన్ బయోఫిల్మ్ (బ్యాక్టీరియా తమ చుట్టూ అల్లుకునే జిగురుపొర) మీద కూడా బాగా పనిచేస్తుంది, రంగు వెలిసిపోవడంతో మార్చే సమయం తానే చెబుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవారికి, పెద్ద గాయాలకు జాగ్రత్త కావాలి. తేనె ఆమ్లత్వంతో, చక్కెర గాఢతతో, రకాన్నిబట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో మిథైల్‌గ్లయాక్సాల్‌తోనో పనిచేస్తుంది. పోగుపై నింపడానికి ఆల్జినేట్ అనువైనది, క్లాస్ట్రిడియం బీజాలు ఉండొచ్చు కాబట్టి గామా కిరణాలతో శుద్ధిచేసినదే వాడాలి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను పోగులో నింపడం తేలికే, మొదటి పరీక్షలో ఫలితం కూడా కళ్లు చెదిరేలా వస్తుంది. నా సలహా: వద్దు. నిరోధకత సమస్య అలా ఉండగా, అనుమతుల దారి కూడా మూసుకుపోతోంది. అమెరికా ఎఫ్‌డీఏ 2023 నవంబరులో ప్రతిపాదించిన వర్గీకరణలో వైద్యపరంగా ముఖ్యమైన యాంటీబయాటిక్‌లున్న డ్రెస్సింగులు అత్యంత కఠినమైన మూడో తరగతిలోకి వెళతాయి, వెండి, పీహెచ్‌ఎంబీ లాంటివి రెండో తరగతిలోకి.

కర్కుమిన్, వేప, తులసి సారాలపై మనవాళ్లకు మమకారం ఎక్కువ. కర్కుమిన్ నీటిలో కరగదు, వెలుతురుకూ క్షారానికీ విచ్ఛిన్నమవుతుంది, దాని పసుపు రంగు కాంతిశోషణ పరీక్షల లెక్కలను తారుమారు చేస్తుంది. మొక్కల సారాల్లో విడతకూ విడతకూ పోలిక ఉండదు. చదువుకోసం చేసే ప్రాజెక్టుకు అభ్యంతరం లేదు. ఉత్పత్తిగా తేవాలనుకుంటే సారాన్ని కాక, అందులోని ఒక శుద్ధ పదార్థాన్ని తీసుకోండి.

పరీక్షలో మోసపోకుండా

తేటవలయం కనబడితే మందు పళ్లెంలోని జెల్లీలాంటి అగార్‌లోకి వ్యాపించిందని మాత్రమే అర్థం. త్వరగా వ్యాపించే బలహీనమైన మందుకు పెద్ద వలయం, పోగుకు కట్టేసిన బలమైన మందుకు సున్నా వలయం రావచ్చు. రెండు వేర్వేరు మందులను వలయం వెడల్పుతో పోల్చి పట్టిక వేయడం మానేస్తే ఈ రంగానికి ఎంతో మేలు. విడుదలయ్యే పోగుకు ఐఎస్‌ఓ 20743 గానీ ఏఏటీసీసీ 100 గానీ, కట్టేసిన మందుకు ఏఎస్‌టీఎం ఈ2149 గానీ ప్రమాణ పరీక్షగా ఎంచుకుని, బతికున్న బ్యాక్టీరియాను లెక్కించండి. 99 శాతం చంపిందన్న మాట వినడానికి బాగుంటుంది. 10 లక్షల్లో 99 శాతం పోతే ఇంకా 10,000 మిగిలాయి. తగిన వేడి, ఆహారం ఉంటే కొన్ని గంటల్లో మళ్లీ మొదటికొస్తాయి. శాతాల్లో కాక లాగ్ తగ్గుదలలో (పదో వంతుకు తగ్గితే ఒక లాగ్) రాయమనేది అందుకే.

లెక్కించేముందు మందును తటస్థీకరించకపోతే పళ్లెం మీద కూడా అది చంపుతూనే ఉండి ఫలితాన్ని ఉబ్బిస్తుంది. వెండికి థయోసల్ఫేట్, థయోగ్లైకొలేట్. పీహెచ్‌ఎంబీకి లెసిథిన్, పాలీసార్బేట్ 80. ఐఎస్‌ఓ 20743 శోషణ పద్ధతిలో వాడేది 20 రెట్లు పలచన చేసిన పోషకద్రవం. బట్టలకు అది చాలు, గాయానికి చాలదు. సగం సీరం కలిపిన ద్రవంలో మరోసారి చేయండి. ఆ ప్రమాణంలో ఉండే స్టెఫైలోకాకస్, క్లెబ్సియెల్లాలతోపాటు గాయాలను పీడించే సూడోమొనాస్ ఎరూజినోసాను చేర్చండి. 2017లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం మానని పుండ్లలో దాదాపు 78 శాతంలో బయోఫిల్మ్ ఉంది. ఈదులాడే బ్యాక్టీరియాపై మాత్రమే చేసిన పరీక్ష అలాంటి పుండు గురించి చెప్పగలిగింది తక్కువ.

కణాలపై విషప్రభావాన్ని ఐఎస్‌ఓ 10993-5 ప్రకారం చూస్తారు. బతికిన కణాలు 70 శాతంకన్నా తక్కువైతే విషప్రభావం ఉన్నట్టు. బ్యాక్టీరియా పరీక్షకు వాడిన మోతాదుతోనే, అదే విడతలోని గుడ్డతోనే ఇది చేయాలి. ఒక మోతాదులో బ్యాక్టీరియా చచ్చి, వేరొక మోతాదులో కణాలు బతికాయని చూపే పత్రాలు బోలెడు. రెండూ ఒకే మోతాదులో కుదిరినప్పుడే పదార్థం దొరికినట్టు.

స్టెరిలైజేషన్‌ను ఆఖరికి వదిలేయకండి. సాధారణంగా వాడే 25 కిలోగ్రే గామా మోతాదు కైటోసాన్, ఆల్జినేట్, సెల్యులోజ్ గొలుసులను తెంచుతుంది. 121 డిగ్రీల ఆవిరిలో, 60 డిగ్రీల దగ్గరే కరిగే పీసీఎల్ ముద్దవుతుంది. ఎథిలీన్ ఆక్సైడ్ వాడితే అవశేషాల కొలత తప్పదు. స్టెరిలైజ్ చేసిన నమూనాతోనే బలం, పీల్చుడు, బ్యాక్టీరియా పరీక్షలన్నీ చేయాలి. ముందు అన్నీ చేసి చివర్లో గామాకు పంపితే తిరిగొచ్చేది వేరే పదార్థం.

చివరికి ఏది?

రసి విపరీతంగా కారే, ఇన్ఫెక్షన్ సోకిన పుండుకోసం అయితే వెండి అయాన్లున్న సీఎంసీ పోగునే తీసుకుంటాను. లోతైన గుంట అయితే గులురోనిక్ ఎక్కువున్న ఆల్జినేట్ నాన్‌వోవెన్. రసి తక్కువ, ఇన్ఫెక్షన్ లేదు, సోకుతుందన్న భయం మాత్రమే ఉంటే పీహెచ్‌ఎంబీ ఉన్న విస్కోస్, లేదా ఏమీ విడుదల చేయని డీఏసీసీ తరహా గుడ్డ. రక్తం ఆపడమే ముఖ్యమైతే కైటోసాన్, బ్యాక్టీరియా విషయంలో దానిపై ఆశ పెట్టుకోకుండా. ఎండిన గాయానికి ఈ పోగుల్లో ఏదీ వద్దు, హైడ్రోజెల్ వైపు చూడాలి.

పరిశోధన కోసమే అయితే, పరికరాలు పరిమితంగా ఉన్న బృందానికి నా ఓటు ఆల్జినేట్‌కే. సిరంజి, సూది, కాల్షియం క్లోరైడ్ తొట్టి ఉంటే పోగు వస్తుంది. అయాన్ మార్పిడితో వెండినో జింక్‌నో ఎక్కించవచ్చు. మోతాదును గాఢతతో మార్చుకుంటూ పోవచ్చు. సిల్వర్ నైట్రేట్‌ను నేరుగా సోడియం ఆల్జినేట్ ద్రావణంలో పోయకండి, తొట్టికి చేరకముందే ముద్దకట్టే అవకాశముంది, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. కాల్షియం పోగు తయారయ్యాక, బాగా కడిగి క్లోరైడ్ మిగలకుండా చూసుకుని, పలచని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో చీకట్లో ముంచి తీయండి. కడిగిన నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసినా తెల్లబడకపోతే, ముంచడానికి పోగు సిద్ధంగా ఉన్నట్టు.